కింది నుంచి వచ్చిన చప్పుడు

ఆ షెడ్డులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. వదిన కారుతో మాట్లాడేది. "ఏమ్మా, నీ ప్లగ్గులు శుభ్రం చెయ్యమంటే మూతి తుడిచి పంపించారా?" అని బోనెట్ మీద చెయ్యి వేసి అడిగేది. గుంటలో నిలబడ్డ మరిది తలెత్తకుండా చేతిలోని స్పానర్‌కి జవాబు చెప్పేవాడు. "విన్నావా? పని చేసేవాళ్ళ కంటే పేర్లు పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు మనకి." కారు యజమాని ఇద్దరి మధ్యా నిలబడి, తను నవ్వాలో ఊరుకోవాలో తెలియక, టీ తాగివస్తానని వీధిలోకి జారుకునేవాడు.

ఆమె పేరు ఎవరికీ అక్కర్లేదు. మరిది ఆమెను 'వదినా' అని పిలిచే రోజుల్లో అది విని పక్కన టైర్ల దుకాణం ఆయన పిలిచాడు, తర్వాత డ్రైవర్లు పిలిచారు, చివరికి వీధి వీధంతటికీ ఆమె వదినే అయింది. ఆ పిలుపు నేర్పిన మరిది మాత్రం మానేశాడు.

షెడ్డు వాళ్ళ ఆయనది. రేకుల కప్పు, మధ్యలో కిందికి దిగి పనిచేసే గుంట, వెనక గోడకు ఆనుకుని ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే షెడ్డు కనిపిస్తుంది, షెడ్డులో ఇంజన్ వేస్తే వంటింట్లో గిన్నెలు వణుకుతాయి. ఆయన మంచి మెకానిక్కు. వీధి మలుపులో కారు వస్తుండగానే "దీనికి మూడో సిలిండర్ పనిచెయ్యట్లేదు" అని కూర్చున్న చోటి నుంచే చెప్పేవాడట. ఇంజన్ల రొదలో బతికిన చెవులు ముందు మందగించాయి. తర్వాత వచ్చిన ఒక జ్వరం మిగిలింది కాస్తా ఊడ్చుకుపోయింది. నయమై లేచి షెడ్డులోకి వచ్చి, ఇంజన్ వేయించి, దాని మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఇంజన్ అదురుతోందని తెలుస్తోంది. ఎందుకు అదురుతోందో తెలియట్లేదు.

ఇక అన్నయ్య పీట తనదే అనుకున్నాడు మరిది. అనుకోవడంలో తప్పూ లేదు. బళ్ళోకి వెళ్ళే వయసు నుంచీ ఆ షెడ్డులోనే పెరిగాడు. అతని చెయ్యి అన్న చేతి కంటే నేర్పు గలది. పట్టేసిన బోల్టు ఎవరి చేతిలోనైనా విరుగుతుందేమో గానీ అతని చేతిలో బుద్ధిగా తిరిగి వచ్చేది. కానీ అన్నకు తమ్ముడి మీద ఒక అనుమానం ఉండేది. వీడు వినకముందే తేల్చేస్తాడు, తేల్చేశాక వినడు. ఆ అనుమానంతోనే ఆయన ఒకరోజు భార్యను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఇచ్చి, దాని మొన ఇంజన్ మీద, పిడి చెవి పక్కన ఎముక మీద పెట్టాడు.

"ఏం వినపడుతోంది?" అని అడిగాడు. చెవుడు వచ్చాక ఆయన గొంతు పెద్దదై, ఎత్తుపల్లాలు పోయి, చదునుగా తయారైంది.

ఏం వినపడుతోందో ఆమె ఎలా చెప్పాలి? నోటితో చెబితే ఆయనకు వినపడదు. అందుకని ఆయన వీపు మీద వాయించి చూపించింది. గోళ్ళతో టకటకమని కొడితే ఇంజన్ పైభాగంలో ట్యాపెట్లు వదులయ్యాయని అర్థం. అరచేత్తో చరిస్తే పిస్టన్ తన గొట్టంలో వదులుగా ఆడుతోందని. పిడికిలితో గుద్దితే కింద బేరింగు పోయిందని. చూసేవాళ్ళకు మొగుణ్ణి కొడుతున్నట్టు ఉండేది. కొన్నిసార్లు నిజంగానే కొట్టేది, ఎందుకంటే ఆయన చెడ్డ గురువు. తప్పు చెబితే కారు రెక్క మీద ఫట్‌మని చరిచేవాడు. ఆమె నవ్వుమొహం పెట్టుకుని ఆయన ఎదుటే నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టేది. ఆయనా నవ్వుతూ తలూపేవాడు.

అలా తిట్టుకుంటూనే నేర్చుకుంది. పొగ నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది. బండి వేడెక్కాక కూడా తెల్లగా వస్తూనే ఉంటే లోపలికి నీళ్ళు దిగుతున్నాయి, అప్పుడు ఆయిల్ మూత తీసి చూస్తే కింద పాలమీగడలాంటి జిడ్డు పట్టి ఉంటుంది. ఎక్కడ మోగుతోందన్న దానికంటే ఎప్పుడు మోగుతోందన్నది ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, బరువు లాగేటప్పుడా, ఊరికే నిలబడ్డప్పుడా?

మరిదికి ఇది ఒళ్ళుమంట. అన్నం ముందు కూర్చుని కంచంతో అనేవాడు. "బోనెట్ కింద ఆడవాళ్ళ తలకాయ కనిపిస్తే బండి ఇచ్చేవాడెవడు?"

వదిన గరిటె గిన్నెకేసి కొట్టేది. "నా తలకాయ చూసి పోయేవాళ్ళ కంటే నీ మొహం చూసి పోయినవాళ్ళే ఎక్కువ. తిను."

"తింటున్నాగా. ఇంతకంటే శిక్ష ఏముంది?"

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పప్పులో ఉప్పు గురించి ఏదో అనుకుంటున్నారనుకుని, "బాగానే ఉంది" అనేవాడు గట్టిగా.

తప్పంతా మరిదిదే అనుకుంటే పొరపాటు. వదినకు ముక్కు మీదే కోపం, నాలుక మీదే సూది. ఒకసారి ఒక కారు ఉండి ఉండి తుళ్ళుతోందని వస్తే మరిది ప్లగ్గులు మార్చాడు, తుళ్ళుడు పోలేదు. ఆమె వచ్చి ప్లగ్గు వైర్ల మీద నీళ్ళు చిలకరించింది. ఒక వైరు చిట్లిన చోట చిటుక్కున నిప్పురవ్వ లేచింది. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. యజమానితో, పక్కన టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లతో, టైర్ల దుకాణం ఆయనతో కూడా చెప్పింది. "కొత్త ప్లగ్గులు వేశాడండీ! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా వాడికి వైరు కనిపించక ప్లగ్గు ఓడైంది."

మరిది దాన్ని మనసులో పెట్టుకున్నాడు. తర్వాత ఒక కారు వేడెక్కిపోతోందని వస్తే వదిన ఇంజన్ తల కింద పరిచే రేకు, హెడ్ గ్యాస్కెట్, పోయిందని తేల్చింది. ఇంజన్ తల మొత్తం ఊడదీయించింది. తీరా చూస్తే గ్యాస్కెట్ నిక్షేపంలా ఉంది. రేడియేటర్ ముందున్న ఫ్యాను తిరగట్లేదు, అంతే. దాని స్విచ్చి పాడైంది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టింది వదిన. మరిది ఆ పాత స్విచ్చిని వంటింటి కిటికీ చువ్వకు దారంతో వేలాడదీశాడు. ఆమె రోజూ గిన్నెలు తోముతూ దాన్ని చూసేది. తీసెయ్యలేదు. తీసేస్తే ఓడినట్టు.

హోటళ్ళ దుప్పట్లు ఉతికించి చేరవేసే వ్యాను డ్రైవరు ఒకడు వాళ్ళ దగ్గరికి చాలాకాలంగా వచ్చేవాడు. బండిని కన్నకూతురిలా చూసుకునే మనిషి, నవ్వించే మనిషి. ఆ మధ్య ఆ వ్యాను అడుగున ఆయిల్ కారుతోందని తెస్తే వదినే చూసింది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటుంది, దాన్ని వాళ్ళు చాంబర్ అంటారు. దాన్ని దించి, గ్యాస్కెట్ మార్చి, అంచున ఎండి రబ్బరులా పట్టుకునే గ్యాస్కెట్ పేస్ట్ పూసి బిగించింది. మళ్ళీ చుక్క కారలేదు.

ఇప్పుడు ఆ డ్రైవరు మళ్ళీ వచ్చాడు. వెనకంతా దుప్పట్ల మూటలు.

"వదినా, పొద్దుట్నుంచీ లోపలెవరో తలుపు కొడుతున్నట్టుంది. తియ్యమంటావా?" అన్నాడు.

వాళ్ళ ఆయన సామాన్లు కొనడానికి బజారుకు వెళ్ళాడు. షెడ్డులో ఉన్నది వదినా, గుంటలో మరిదీ, అంతే. వదిన స్క్రూడ్రైవర్ తీసుకుంది. పైన పెట్టి విన్నది, పక్కన పెట్టి విన్నది, వంగి కింద చాంబర్ దగ్గర పెట్టి విన్నది. బరువైన చప్పుడు, లోతైన చప్పుడు. డ్రైవరును యాక్సిలరేటర్ కొంచెం తొక్కమంది, చప్పుడు ముదిరింది. ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసింది. ఒక వైరు పీకగానే గుద్దుడు సగం తగ్గింది. ఆ సిలిండర్ కింద, పిస్టన్‌ని క్రాంక్ ఇరుసుకి కలిపే రాడ్డు దగ్గర బేరింగు అరిగిపోయింది. అనుమానమే లేదు.

"బండి ఇక్కడ వదిలెయ్యి. కింద బేరింగు పోయింది, నడిపితే రాడ్డు విరుగుతుంది" అంది.

గుంటలోంచి మరిది పైకి వచ్చాడు. చేతులు తుడుచుకున్నాడు. నిజానికి ఆ చప్పుడు అతనూ విన్నాడు. అది కింది నుంచే వస్తోందని అతనికీ తెలిసింది. ఆ మాట వదిన నోట ముందు రాకపోయి ఉంటే తనే అనేవాడు.

"ట్యాపెట్ల చప్పుడు కూడా బేరింగే అయితే ఊళ్ళో బండ్లన్నీ ఇక్కడే పడుండాలి" అన్నాడు డ్రైవరుతో. "మొన్నొకాయన ఇంజన్ తల తీయించుకుని ఫ్యాన్ స్విచ్చితో ఇంటికెళ్ళాడు. నువ్వు కూడా అడుగు ఊడదీయించుకుంటావా?"

"మరి ఆయిల్ లైటు మినుకుమినుకుమంటోంది?"

"సెన్సార్ పోయుంటుంది. దాంతో నీకేం పని?"

డ్రైవరు ఇద్దరినీ చూశాడు. "ఎవరి మాట వినమంటారు నన్ను? మధ్యాహ్నంలోగా దుప్పట్లు దించకపోతే హోటలువాడు నన్ను దించేస్తాడు."

అప్పుడు వదిన తాళం చెవి లాక్కోవచ్చు. బండికి అడ్డంగా నిలబడవచ్చు. పక్కింటి టైర్లాయన్ని పిలిచి నాలుగు కేకలు వేయవచ్చు, కేకలు వేయడం ఆమెకు కొత్తేమీ కాదు. అదేదీ చెయ్యలేదు. "నీ బండి, నీ ఇష్టం. తెలిసినవాడు చెప్పాడుగా, పో" అని వంటింట్లోకి వెళ్ళి కిటికీ తలుపు దబాల్న మూసింది. మూసిన కిటికీ వెనక నిలబడి, ఆ ఇంజన్ విరగాలనీ, విరిగి మరిది మొహం మాడిపోవాలనీ కోరుకుంది.

మరిది ట్యాపెట్లు సర్దాడు. పైనుంచి వచ్చే కాస్త టకటక తగ్గేసరికి మొత్తం తగ్గినట్టే అనిపించింది. లైటు చూసి డ్రైవరు కంగారుపడకుండా, సెన్సార్ వైరు కోసి, కొసకు టేపు చుట్టి వదిలేశాడు. వ్యాను వెళ్ళిపోయింది.

వంతెన ఎక్కేటప్పుడు రాడ్డు విరిగింది. విరిగిన రాడ్డు ఇంజన్ పక్కగోడను పొడుచుకుని బయటికి వచ్చింది. బండి ఉన్నచోటనే బిగుసుకుపోయింది. వెనక వస్తున్న లారీ ఆగలేక గుద్దింది. వ్యాను తిరిగి వంతెన గోడకు కొట్టుకుంది. డ్రైవరు కాలు మోకాలి కింద విరిగింది. వెనక తలుపు ఊడి, ఉతికిన తెల్లదుప్పట్లు రోడ్డంతా పరుచుకుంటే, వాటి మీదుగానే బండ్లు పోయాయని చూసి వచ్చినవాళ్ళు చెప్పారు.

మర్నాడు పగిలిన వ్యానును తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు పడేశారు. వెంట డ్రైవరు బావమరిది వచ్చాడు. బండ మనిషి, రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న కళ్ళు.

"ఎవడ్రా సెన్సార్ పోయిందన్నది?" అని అరిచాడు. వీధంతా పోగైంది.

మరిది మొహంలో రక్తం లేదు. భయపడ్డ మనిషి నోటికి ముందు దొరికేది పక్కవాడి పేరే. "నన్నడుగుతారేం? ఆ చాంబర్ విప్పింది ఆవిడ, ఆయిల్ పోసింది ఆవిడ. ఎంత పోసిందో, బోల్టు బిగించిందో లేదో ఆవిణ్ణే అడగండి" అన్నాడు.

అప్పుడు వదిన అతనితో సూటిగా మాట్లాడింది, ఎన్నాళ్ళకో. "చాంబర్ దించు. ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందూ. తాడో పేడో తేలిపోనీ."

"దించేదేంటి, నువ్వే దూరు. నీ చేతిపనేగా."

ఆమె వాళ్ళ ఆయన పాత చొక్కా పైన తొడుక్కుని టార్చిలైటు తీసుకుని వ్యాను కిందికి దూరింది. అడుగు బోల్టు చేత్తో తిప్పి చూసింది, బిగుతుగా ఉంది. "బోల్టు బిగిసే ఉంది, వచ్చి చూసుకోండి!" అని కింద నుంచే అరిచింది. పక్కగోడ చిల్లుపడినా అడుగున ఇంకా ఆయిల్ నిలిచి ఉంది. బాల్చీ పెట్టి వదిలింది. చాంబర్ దించింది. పైనున్న క్రాంక్ మీద విరిగిన రాడ్డు మొదలు కనిపించింది. బేరింగు రేకు అరిగి అరిగి కాగితమై, రాగిరంగు తేలి, మడతపడి అతుక్కుపోయి ఉంది. తను చెప్పిందే. చెప్పిన చోటే. ఆమె పెదవుల మీదికి నవ్వు కూడా వచ్చింది.

ఆ తర్వాత టార్చి కాస్త పక్కకు జరిగింది. ఆయిల్‌ని పైకి పీల్చే గొట్టం చివర చిన్న జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ నిండా బూడిదరంగు రబ్బరు పోగులు ఇరుక్కుని ఉన్నాయి. గ్యాస్కెట్ పేస్ట్. అంచున సన్నగా గీత గీసినట్టు పూయవలసిన పేస్ట్‌ని ఎవరో మందంగా పామారు. బిగించినప్పుడు ఎక్కువైనది లోపలికి పొంగింది, ఎండి, తెగి, ఆయిల్లో తేలుతూ వచ్చి జల్లెడకు అడ్డం పడింది. ఆయిల్ ఉంది, బేరింగుకు అందలేదు. అందకే అరిగింది.

ఎందుకంత మందంగా పూసిందో ఆమెకు గుర్తుంది. ఒక్క చుక్క కారినా మరిది ఇంకో దారం తెచ్చి కిటికీకి ఇంకోటి కడతాడని. ఆ రోజు ట్యూబు రెండోసారి పిండింది.

ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ఆ పోగులు ఎవరూ చూడలేదు. వేళ్ళతో లాగితే వచ్చేశాయి. పిడికిలి దానంతట అదే మూసుకుంది. బయట మరిది అంటున్నాడు, "చూశారా, చప్పుడు లేదు. ఆయిల్ తక్కువ పోసిందని నేను ముందే..." 

ఆమె బయటికి పాకి వచ్చి లేచి నిలబడింది. మొహం మీద ఆయిల్ కారుతోంది. ఆ క్షణాన మరిది మొహం చూస్తే పిడికిలి ఇంకా బిగిసింది. డ్రైవరు బావమరిది మొహం చూశాక విప్పింది.

"ఆయిల్ నిండుగానే ఉంది. పైకి ఎక్కలేదు. ఎందుకెక్కలేదంటే జల్లెడలో ఇది అడ్డం పడింది. ఈ పేస్ట్ నేను పూసిందే. ఎక్కువ పూశాను."

వీధి ఒక్కసారిగా గొల్లుమంది. మరిది చేతులు చరిచి, "విన్నారా! సొంత నోటితో చెప్పింది, విన్నారా!" అన్నాడు. డ్రైవరు బావమరిది ఆమె కాళ్ళ ముందు ఉమ్మేశాడు. "ఆడదానివి కాబట్టి బతికిపోయావు" అన్నాడు. 

ఈ గోలంతా వినపడని మనిషి ఒక్కడే ఉన్నాడు. వాళ్ళ ఆయన ఇంజన్ పక్కన వంగి తన మానాన తను చూసుకుంటున్నాడు. ఆయన చేతికి తెగిన వైరు ఒకటి తగిలింది. పైకి లాగాడు. కొస నున్నగా కోసి ఉంది, మీద కొత్త టేపు. ఆయిల్ అందట్లేదని హెచ్చరించే లైటుకు పోయే వైరు.

"ఇది ఎవరు కోశారు?" అని అడిగాడు, ఆ చదును గొంతుతో.

ఎవరూ పలకలేదు. ఆయన అందరి పెదవులూ చూశాడు. జవాబు వచ్చిందేమో, తనకే వినపడలేదేమో అనుకున్నాడు. మళ్ళీ అడిగాడు, ఇంకా గట్టిగా. "ఎవరు కోశారు ఇది?" జనం మరిది వైపు తిరిగారు. వదినకు తెలుసు, కిటికీ సందులోంచి చూసింది. చెప్పలేదు. ఆయన మూడోసారి అడిగేసరికి మరిది, బళ్ళో పిల్లాడిలా, చెయ్యెత్తాడు.

ఆ తర్వాత డ్రైవరు బావమరిది అతన్ని కొట్టాడు. వదిన అడ్డం వెళ్ళలేదు. టైర్ల దుకాణం ఆయనే విడదీశాడు.

ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. డ్రైవరు కాలికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"పేస్ట్ సంగతి తెలిసింది" అన్నాడు. "పొరపాటు, ఎవరైనా చేస్తారు. ఒక్కటి చెప్పు. ఆ రోజు నీకు తెలుసుగా, విరుగుతుందని?"

"తెలుసు."

"తెలిసి కిటికీ మూసుకున్నావా?"

ఆమె ఏదో చెప్పబోయింది.

"వద్దు. మీ ఇద్దరి పంతానికి నా కాలు దొరికింది. పో వదినా, పో. మళ్ళీ రాకు."

ఇంజన్ మళ్ళీ కట్టారు. అన్న మధ్యలో నిలబడి చేయించాడు, వాళ్ళిద్దరూ చెరో పక్కా పనిచేశారు. ఈసారి కారుతో గానీ స్పానర్‌తో గానీ ఎవరూ మాట్లాడలేదు. కొత్త బేరింగులు వేశారు, క్రాంక్ సానపట్టించారు, జల్లెడ మార్చారు. చాంబర్ అంచుకు పేస్ట్ వదినే పూసింది, మరిది నిలబడి చూశాడు. ఇంజన్ మెత్తగా తిరిగింది. డ్రైవరు బావమరిది వచ్చి, మాట లేకుండా బండి తీసుకుపోయాడు. ఆ వ్యాను మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

మరిది కూడా వెళ్ళిపోయాడు. లాంచీల ఇంజన్లు బాగుచేసే చోట పని చూసుకున్నాడు. పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ రోజు నేనూ విన్నాను. కింది నుంచే వచ్చింది" అన్నాడు.

"నాకు తెలుసు, నువ్వు విన్నావని."

"వైరు సంగతి నువ్వే చెబుతావనుకున్నా అందరి ముందూ."

"నీ నోటితో నువ్వే చెబుతావని నేను చూశా. చెప్పలేదుగా, చెయ్యెత్తావు. అదీ అన్నయ్య అడిగితే."

"నీ నోరు ఈ జన్మకి మారదు."

"నీ బుద్ధి మారిందేమో చూద్దాం. ఆ నీళ్ళ పక్కన తడిబట్టలతో తిరక్కు, నీకసలే దగ్గు."

అతను కోపంగానే వెళ్ళాడు. ఎప్పుడైనా అన్నను చూడటానికి వస్తాడు, షెడ్డు బయటే నిలబడి చూసి పోతాడు. ఇద్దరి మధ్యా ఇప్పటికీ ఉప్పూ నిప్పే.

షెడ్డు వదినే నడుపుతోంది. ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చేతులతో చెబుతాడు, బోల్టులు బిగించడానికి ఒక మనిషిని పెట్టుకుంది. ఆమె నోటికి జడిసి కొందరు రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కూడా ఆమెతో తగువు పడకుండా పోవడం అరుదు, ఎందుకంటే కింది నుంచి గుద్దుతున్న ఇంజన్ షెడ్డులోకి వచ్చిందంటే ఆమె ముందు చేసే పని తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకోవడం.

మొన్న కూడా ఒకాయన గంతులేశాడు. పెళ్ళికి పోవాలన్నాడు, తన బండి తనిష్టమన్నాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి, వాళ్ళకీ ఓ కుర్చీ వేస్తా" అంది వదిన, జేబు మీద చెయ్యి తియ్యకుండా. "బస్సు ఆ మలుపులో ఆగుతుంది. తిట్టాలనుంటే తిట్టేసి పొండి, మా ఆయనకి వినపడదు, నాకు అలవాటే."

ఆయన తిట్టాడు, చాలాసేపు. తిట్టి, పెళ్ళిబట్టల సంచీ చంకన పెట్టుకుని, బస్సు కోసం నడిచి వెళ్ళాడు.